అద్దంలో సగం సీటు

"ఇది తొవ్వనా, నీ అయ్య కట్టిచ్చిన గ్యారేజా?"

కారు కింద వెల్లకిలా పడుకున్న ప్రణయ్‌కు ముందుగా కనిపించినవి రెండు చెప్పులు. బురదలో మునిగిన చెప్పులు, వాటి మీద తడిసిన పసుపుపచ్చ చుడీదార్ అంచు. ఆ పైన ఎవరున్నారో చూడాలంటే బయటికి రావాలి. రాక తప్పేట్టు కూడా లేదు. ఆ చెప్పుల్లో ఒకటి అప్పుడే అతని పానాను తన్ని మోరీలో పడేసింది.

మగ్గాల పేట లింబాయత్ సందుల్లో ఒక ఆటో పోతుంటే రెండోది గోడకు ఆనుకుని నిలబడాలి. అలాంటి సందులో, జూలై వానలో, వెనక చక్రం విప్పేసి, పాత అంబాసిడర్‌ను జాకీ మీద నిలబెట్టాడు ప్రణయ్. ఇరవై ఐదేళ్లప్పుడు దారంతా మనదే అనిపిస్తుంది. తర్వాత ఎవరి వాటా వాళ్లకు తెలిసొస్తుంది లెండి.

"పది మినట్లు ఆగు" అన్నాడు బయటికి పాక్కుంటూ వచ్చి.

"పది మినట్లా! ఆటోల మా బాపున్నడు. వీపు ఆపరేషనై నెల కాలే. ఆయనకు పది మినట్లంటె ఏందో తెలుసా నీకు?"

ప్రణయ్ తొంగి చూశాడు. ఆటోలో ఒక పెద్దమనిషి ముందున్న రాడ్డును రెండు చేతులతో పట్టుకుని, కూర్చోకుండా, నిలబడకుండా మధ్యలో ఉన్నాడు. పేరు నరహరి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఇక్కడి మగ్గాల దగ్గర నిలబడ్డ మనిషి. ఆ పిల్ల ఆయన ఒక్కతే కూతురు ఊర్మిళ.

ఆటోవాడికి ఓపిక అయిపోయింది. "మేరా ధంధా ఖరాబ్ మత్ కరో" అని, తన బేరం పాడవుతోందని విసుక్కుని, ఇద్దరినీ అక్కడే దించేసి వెనక్కి పోయాడు.

"పాయె! ఇప్పుడేం చేస్తవ్?" అంది ఊర్మిళ.

"నేనే దింపుత, దవఖానకు."

"దేంట్ల? మూడు చక్రాలదాంట్లనా? గదే అయితె ఆ ఆటోనే మంచిగుండె గద!"

మోరీలోంచి పానా తీసి, నాలుగు నిమిషాల్లో చక్రం బిగించాడు ప్రణయ్. వెనక సీటులో నరహరిని డ్రైవర్ వైపు కూర్చోబెట్టి, వీపుకు దిండు పెట్టి, ఆ పక్కన ఊర్మిళ కూర్చుంది. బండి కదిలింది. ఉధ్నా దర్వాజా దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి కేక.

"బాపూ! ఓ బాపూ!"

బ్రేకు తొక్కి తిరిగి చూశాడు ప్రణయ్. నరహరి తల వెనక్కి వాలిపోయింది, నోరు తెరుచుకుంది. అప్పుడు వినిపించింది గురక.

"పండిండు" అంది ఊర్మిళ, నమ్మలేనట్టు. "మూడు నెలల సంది ఇంట్ల గిట్ల పండలే." తర్వాత ముందున్న చిన్న అద్దంలో అతని కళ్లను చూసి మొదటిసారి నవ్వింది. "ఉయ్యాల లెక్కుంది నీ బండి."

ఆ పిల్ల ఇవ్వగలిగిన పెద్ద మెప్పు అది. ప్రణయ్‌కు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టయింది.

ఎందుకంటే అతను జాబర్. పవర్‌లూమ్‌ను మనవాళ్లు సాంచ అంటారు. సాంచలను బిగించి, మరమ్మతు చేసి, నడిచేలా చేసేవాడు జాబర్. సాంచ ఊగిందంటే పోగు తెగుతుంది, బట్టలో మచ్చ పడుతుంది. ప్రణయ్ బిగించిన సాంచ మీద చాయ్ గ్లాసు పెడితే చుక్క ఒలకదని లింబాయత్ కారఖానాల్లో పేరు. అలాంటివాడి బండి ఉయ్యాల లెక్క ఉందట!

*

ప్రతి గురువారం నరహరిని వ్యాయామాలు చేయించడానికి దవాఖానకు తీసుకుపోవాలి. ప్రతి గురువారం ప్రణయ్‌కు ఆ దారిలోనే ఏదో పని పడేది. ఆ పనేమిటని ఊర్మిళ అడగలేదు. అడిగితే చెప్పడానికి అతని దగ్గర కూడా ఏమీ లేదు.

రెండో గురువారం ముందు అద్దాన్ని కొంచెం ఎడమకు తిప్పాడు. ఇప్పుడు అందులో వెనక రోడ్డు కనిపించదు, నరహరి కనిపించడు. ఎడమ పక్క సగం సీటు, అందులో ఊర్మిళ, ఆమె కిటికీ మీద జారే వాన. అంతే.

"అద్దం వంకరైంది" అంది ఊర్మిళ.

"లే. ఇప్పుడే సక్కగైంది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవులు మాత్రం ఎర్రగా అద్దంలోనే ఉండిపోయాయి.

మూడో గురువారం దవాఖాన మెట్ల దగ్గర, "కాకా, జర మెల్లగ దిగు" అన్నాడు ప్రణయ్. నరహరి ముందుకు నడిచాక ఊర్మిళ వెనక్కి వచ్చింది.

"ఇగో, మా బాపును కాకా అన్నవంటె నేను నీకు చెల్లెనైత."

"మరేమనాలె?"

"అది గూడ నేనే చెప్పాల్నా?"

మరుసటి వారం నుంచి "మామా" అయింది. నరహరి విననట్టే కిటికీలోంచి చూశాడు. విన్నాడన్న సంగతి మీసాల కింద కనిపించింది.

"నీకు కారు ముచ్చట తప్ప వేరే మాట రాదా?" అని ఒకరోజు అడిగింది ఊర్మిళ.

"వస్తది."

"ఏదీ, ఒక్కటి చెప్పు."

ప్రణయ్ చాలాసేపు ఆలోచించాడు. "టైర్లు."

ఆమె పడీపడీ నవ్వింది. ఆ నవ్వును దాచుకుంటే చాలనుకున్నాడు గానీ, నోరు తెరిచి చెప్పాల్సిన మాట ఒకటుందని అతనికి తోచలేదు. మగపిల్లలకు ఇదొక రోగం. చేతులతో చేసి చూపిస్తే నోటితో చెప్పినట్టే అనుకుంటారు.

చివరికి ఆమే దారి చూపించింది.

"వచ్చే ఆదివారం ఉధ్నా అవతల ఉన్‌ల మా పెద్దబాపు ఇంటికి పోతున్నం. బాపుకు ఆయన మాటంటె మాటే. నువ్వే తీస్కపోవాలె. ఆడ అందరున్నప్పుడు అడుగు."

"ఏమడగాలె?"

"నీ తలకాయడుగు!"

*

ఆ శనివారం ప్రణయ్ బండిని సోమలింగం షెడ్డుకు తోలాడు. సోమలింగం పాత మెకానిక్, కరీంనగర్ మనిషి, మాటకు ముందు దగ్గుతాడు. వెనక చక్రాల కమాన్లకు, అంటే పట్టీల స్ప్రింగులకు, ఇంకో రెండు పట్టీలు చేర్చాలని, కుదుపులు తాగే మెత్తటి షాకప్‌లు తీసేసి రేసు బండ్లకు వాడే గట్టివి వేయాలని, మలుపుల్లో బండి ఒరగకుండా అడ్డంగా ఒక రాడ్డు పెట్టాలని ప్రణయ్ చెప్పాడు.

సోమలింగం దగ్గాడు. "ఇది సాంచ కాదు తమ్మీ. సాంచ ఊగొద్దు. బండి ఊగాలె."

"ఊగేది ఏదైనా కరాబేనే అన్నా. ఆమె ఉయ్యాల అన్నది నా బండిని."

"ఉయ్యాలంటె తిట్టా? ఆ పిల్లను అడిగినవా మల్ల?"

"అడుగుతె ఎట్ల? సర్‌ప్రైజ్ గద."

ఎదుటి మనిషికి ఏం కావాలో అడగకుండా మనకు నచ్చింది ఇవ్వడానికి ఈ కాలం పిల్లలు పెట్టుకున్న పేరు అది.

ఆదివారం ఉదయం బండి నేలలో పాతిన రాయిలా నిలబడింది. కదలమంటే కదిలింది, తిరగమంటే తిరిగింది. ప్రణయ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఊర్మిళ ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ రోజు ఆమె కూడా కిటికీ వైపు చూడలేదు. ఇద్దరి కళ్లూ అద్దంలోనే.

ఉధ్నా దాటాక రోడ్డంతా వాన తవ్విన గుంతలు. ప్రతి గుంతా లెక్క తప్పకుండా సీటులోకి వచ్చింది.

"ఎట్లుంది మామా, బండి?"

"మంచిగుంది బిడ్డా" అన్నాడు నరహరి, కొంచెం ఆగి.

మలుపు వచ్చింది. ప్రణయ్ వేగం తగ్గించలేదు. బండి వీసమంత ఒరగలేదు. "సూసినవా, ఒరిగిందా?" అని అద్దంలో కనుబొమలు ఎగరేశాడు. ఊర్మిళ పెదవి కొరుక్కుని నవ్వింది.

"మామా, ఇంకేమన్న సప్పుడొస్తుందా?"

"లే బిడ్డా. మంచిగుంది."

ఉన్‌లో పెద్దబాపు ఇంటి ముందు బండి ఆగింది. ఊర్మిళ దిగి అటువైపు వచ్చి తలుపు తెరిచింది. నరహరి దిగలేదు. భుజం మీది తువ్వాల సగం నోట్లో ఉంది. పళ్ల మధ్య అది చినిగింది. చెంపలు తడిసి ఉన్నాయి. కాళ్లు కదలడం లేదు.

నలుగురు మోసుకుని లోపలికి తీసుకుపోయారు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

*

ఇంకా మూడు నెలలు మంచం మీది నుంచి లేవొద్దన్నారు డాక్టర్లు. దవాఖాన వరండాలో ప్రణయ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊర్మిళ అదే ఆకుపచ్చ చీరలో వచ్చింది.

"నీకోసమే చేసిన ఊర్మిళా."

"నాకోసమైతె నన్నొక్క మాట అడగకపోతివి."

"మామ మంచిగుందన్నడు..."

"అల్లునివైతవని అన్నడు! నీకు చిన్నతనమైతదని తువ్వాల నోట్ల కుక్కుకున్నడు. నువ్వేడ చూస్తవ్? అద్దం నా దిక్కు తిప్పి పెట్టుకుంటివి."

"తప్పైంది."

"నీదొక్కనిదేనా?" ఊర్మిళ తల అడ్డంగా ఊపింది. "నా పక్కన కూసున్నడు. జానెడు దూరం. నేను గూడ అద్దంలనే చూసిన. నిన్ను చూసుకుంట నవ్విన. మా బాపు ఏడుస్తుంటె నేను నవ్విన."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిన్ను చూస్తె గదే యాదికొస్తది. నువ్వు రాకు."

తిట్టి ఉంటే ప్రణయ్ ఎదురు చెప్పేవాడు. కొట్టి ఉంటే కాళ్లు పట్టుకునేవాడు. ఆమె తనను తాను నిందించుకుంటుంటే అడ్డం పోవడానికి అతనికి చోటే దొరకలేదు.

*

మర్నాడే బండిని సోమలింగం షెడ్డుకు తోలాడు. ఈసారి చెప్పడానికి కాదు, వినడానికి.

గట్టి షాకప్‌లు పోయాయి. చేర్చిన పట్టీలు పోయాయి. పాత కమాన్లను విప్పి, తుప్పు గీకి, పట్టీకి పట్టీకి మధ్య పలుచని ప్యాడ్లు వేశారు. కీళ్ల దగ్గర అరిగిన రబ్బరు బుష్‌లన్నీ మార్చారు.

"జాకీ మీద బిగియ్యకు" అన్నాడు సోమలింగం. "బండి కిందికి దించు. లోపల మనిషిని కూసోబెట్టు. బరువు పడ్డంకనే బోల్టు బిగియ్యాలె. లేకుంటె రబ్బరు మెలిపడి నెలకే పగులుతది."

తర్వాత సోమలింగం డ్రైవింగ్ సీటులో, ప్రణయ్ వెనక సీటులో. నరహరి కూర్చునే చోట. నడుముకు ఒక చెక్క కట్టుకుని, దెబ్బ ఎక్కడ తగులుతుందో చెబుతూ, లింబాయత్ నుంచి దవాఖాన దాకా ఒక్కో గుంత మీదుగా పోయారు. అలా ఎన్ని ఆదివారాలో. అక్కడ కూర్చున్నాక తెలిసింది, అక్కడి నుంచి డ్రైవర్ మెడ తప్ప ఏమీ కనిపించదని. ఆ మెడను చూస్తూ ఆ మనిషి 'మంచిగుంది' అన్నాడు.

వానలు వెళ్లిపోయి, ఆ మూడు నెలలూ గడిచాక ఒక గురువారం అతను నరహరి ఇంటికి వెళ్లాడు. ఊర్మిళ సలాబత్‌పురాలో చీరల దుకాణంలో పనికి పోయింది. నరహరి అతని ముఖం చూసి, కర్ర అందుకుని లేచాడు.

"నడువు. దవఖానకు పోవాల్సిందే గద."

బండి మెత్తగా పోతోంది. ఆయన నిద్రపోలేదు.

"ఆనాడు నేనొక్క కేక పెట్టాల్సింది బిడ్డా" అన్నాడు వెనక నుంచి. "నువ్వు ఆపుతుంటివి. ఓ చాయ్ తాగుతుంటిమి. మెల్లగ పోతుంటిమి. ఇయ్యాల్టికి లగ్గం గూడ అయితుండె. అల్లుని మనసు నొప్పియ్యొద్దని నోరు మూసుకుని, బిడ్డ బతుకును మూసిన."

ప్రణయ్ బండిని పక్కకు ఆపాడు.

"భీవండి నుంచి ఒక సంబంధమొచ్చింది" అన్నాడు నరహరి. "ఆమె మనసుల ఏమున్నదో నాకు చెప్పదు. నువ్వెన్నడన్న అడిగినవా ఆమెను?"

"లే మామా."

"ఒక్కసారి గూడ?"

"టైర్ల గురించి చెప్పిన."

ముసలాయన నవ్వబోయి ఆగిపోయాడు. "తిప్పు బండి. దవఖాన ఏడికి పోదు. సలాబత్‌పురా నడువు."

*

దుకాణం ముందు రోడ్డు పక్కన నరహరిని బండిలోనే ఉంచి ప్రణయ్ లోపలికి వెళ్లాడు. తెల్ల పరుపు మీద చీరల గుట్ట. ఊర్మిళ ఒక్కో చీరను మడిచి లేబుల్ పెడుతోంది. అతన్ని చూసి చేయి ఆగింది, మళ్లీ కదిలింది.

"నాకు నువ్వు కావాలె" అన్నాడు ప్రణయ్. సర్దుకున్న మాటలన్నీ గడప దగ్గరే పోయాయి, ఇదొక్కటే మిగిలింది. "మొదటి దినం సంది గిదే మాట. చెప్పరాలే. నన్ను చేసుకుంటవా?"

పక్కన ఎవరో బేరమాడుతున్నారు. ఊర్మిళ చీర అంచులు రెండూ కలిపి, అరచేత్తో సాఫు చేసింది. చాలా నెమ్మదిగా.

"మొన్న ఆదివారం భీవండోళ్లకు మాటిచ్చిన."

"బాపుకు తెల్వదంట గద!"

"ఫోన్ల నేనే ఇచ్చిన. రాత్రికి బాపుకు చెప్త."

"ఎందుకు ఊర్మిళా? నామీద అంత కోపమా?"

ఆమె తలెత్తింది. కళ్లు నిండి ఉన్నాయి, కానీ ముఖంలో కోపం వెతికినా లేదు.

"కోపం పోయిందనే ఇచ్చిన. ఎన్నడో ఒకనాడు నువ్వొచ్చి అడుగుతవని తెలుసు. అడుగుతె అవునంటనని గూడ తెలుసు. అన్నంక, నిన్ను చూసి నవ్వినప్పుడల్లా నాకు ఆ తువ్వాల కనవడుతది. గట్ల బతుకుడు నాతోని గాదు. గందుకే ముందుగాల్నే తలుపు పెట్టుకున్న."

"ఒక్క వారం ముందొస్తె?"

"రాకపోతివి గద" అంది ఊర్మిళ. మడిచిన చీరను గుట్ట మీద పెట్టి ఇంకోటి అందుకుంది. ఆ రెండో చీర చాలాసేపు మడత పడలేదు.

ప్రణయ్ బయటికి వచ్చాడు. సలాబత్‌పురా గుంపు ఎప్పటిలాగే నెట్టుకుంటూ పోతోంది. బట్ట తాన్లు మోసే బండ్లు, అరుపులు, ఎండ. బండి దాకా పది అడుగులు కూడా లేవు. చాలా టైం పట్టింది. తలుపు తీసి, తాళం తిప్పకుండా కూర్చున్నాడు.

వెనక నుంచి నరహరి ముందుకు వంగాడు. వంగడం ఆయనకు కష్టం, అయినా వంగి అతని భుజం మీద చేయి వేశాడు.

"ఏమన్నది బిడ్డా?"

ఏం లేదు మామా, ఆలోచిస్తనన్నది, అనబోయాడు ప్రణయ్. మాట పెదవుల దాకా వచ్చింది. మింగేశాడు.

"భీవండోళ్లకు మాటిచ్చిందట. నన్ను వద్దన్నది."

భుజం మీది చేయి బిగిసింది.

"నొస్తుందా?" అని అడిగాడు నరహరి.

"నొస్తుంది" అన్నాడు ప్రణయ్. "చానా నొస్తుంది."