గుంతలో కెమెరా

చిల్లకూరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పు గోడౌన్లు వస్తాయి. వాటిలో వాడకుండా వదిలేసిన ఒకదాన్ని అబిగయీలు తన షార్ట్ ఫిలిం కోసం అడిగి తీసుకుంది. డిగ్రీ అయినాక ఇంట్లో ఖాళీగా కూర్చుని విసిగిపోయింది. ఫిలిం స్కూల్లో సీటు కావాలంటే రేపటికల్లా ఈ ఫిలిం పంపాలి. ఇంక ఒక్క షాట్ మిగిలింది.

గోడౌను ఓనరు పెంచలకృష్ణ ఊరికే ఇచ్చినాడు. కాకపోతే సినిమాలో యజమాని వేషం తనకే కావాలన్నాడు. కూలామెను తిట్టే సీను పొద్దున ఒక్క టేకులో చేసేసినాడు. నేర్పించే పనే లేకపోయింది. అదే ఎందుకో అబిగయీలుకి మింగుడు పడలా.

"కూలామెను పైనుంచి తీసినాం కదన్నా, నీడలో చీమలాగా కనపడతాది. నిన్ను కింద నుంచి తీస్తాం. కొండలాగా ఉంటావు," అనింది.

కెమెరా నేల మీద పెట్టినా ఆ ఎత్తు రాలా. గుంత తవ్వాల్సిందే. రేకుల చిల్లులోంచి వెలుగు పడే చోట కాలితో గీత గీసింది.

పెంచలకృష్ణ మొహంలో నవ్వు పోయింది. "అక్కడొద్దు పాపా. ఇంకెక్కడైనా తవ్వుకో."

"ఎందుకన్నా?"

"నేల మెత్తన."

మడమతో తన్ని చూసింది. రాయిలాగా ఉంది.

"వెలుగుండేది ఇక్కడే అన్నా. ఈ షాట్ లేకుంటే నా సీటు పోయినట్టే."

ఆయన ఆ గీత వైపే చూస్తా నిలబడినాడు.

కెమెరామన్ కిషోర్ బాబు మోకాటి లోతు తవ్వి, కెమెరాని వెల్లకిలా పడుకోబెట్టి, మానిటర్‌కి వైరు తగిలించినాడు.

"నేను రేకులెక్కి అద్దంతో ఎండ లోపలికి కొడతానక్కా. తలుపు గడియేసుకో, నీడ చిక్కగా రావాల. జారిపడ్డానంటే మా అమ్మకి నువ్వే చెప్పుకో!"

గడియ తనే వేసింది.

చీకటి. తడిసిన గోనెసంచుల వాసన. పైనుంచి ఒకే ఒక్క వెలుగు ధార... గుంత అంచున పెంచలకృష్ణ, చేతులు వెనక్కి కట్టుకుని. అబిగయీలు వైరు లేని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దూరంగా కూర్చుని మానిటర్ చూసింది. నిజంగానే కొండ.

ఆ కొండ చిన్నదవుతా ఉంది.

కెమెరాని ఎవరూ ముట్టుకోలా. అయినా తెర మీద గుంత అంచులు పైకి... పైపైకి పోతా ఉన్నాయి. మోకాటి లోతు. మనిషి లోతు. బావి లోతు. ఎక్కడో పైన, గోరంత మొహం.

తెరలో ఆ మొహం వంగింది. దోసిళ్ళతో ఏదో పోస్తా ఉంది. తెల్లగా. లెన్స్ మీద... ఉప్పు.

గబుక్కున తలెత్తి చూసింది. ఆయన కదల్లేదు. చేతులు వెనకే ఉన్నాయి.

చెవిలో ఆడమనిషి గొంతు, గుసగుసగా...

"చాలయ్యా... కళ్ళల్లో పడతా ఉంది..."

"క... కట్," అనింది అబిగయీలు. లేచి తలుపు వైపు నడిచింది. ఆయన ఇంకా వడిగా నడిచి, గడియకి ఆనుకుని నిలబడినాడు.

"షాట్ బాగా వచ్చిందా పాపా?"

"వచ్చిందన్నా... తలుపు తియ్."

తియ్యలేదు. తల పక్కకి వాల్చి, మెల్లగా అడిగినాడు.

"కళ్ళల్లో పడతా ఉందని కాక, ఇంకేమన్నా అనిందా?"

హెడ్‌ఫోన్లు ఇంకా అబిగయీలు చెవులకే ఉన్నాయి.