ఉమ్మడి గోడ

అంగారకుడి మీద దక్షిణ కాలనీలో ఏ ఇంటికీ విడిగా గోడ ఉండదు. ఒక గోడ, దానికి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. గాలి తయారు చేసుకుని బతికే చోట ఎంత తక్కువ గోడ ఉంటే చిల్లు పడే అవకాశం అంత తక్కువ. గాలి కారుతోందని సైరన్ మోగితే ఎవరి తలుపు వాళ్ళు బిగించుకోవాలి. పచ్చదీపం వెలిగేదాకా తీయకూడదు. ఒక్క తలుపు తీస్తే వీధంతా పోతుంది.

దాంతో అక్కడ ఒక అలవాటు పుట్టింది. తలుపు బిగించుకున్నవాళ్ళు గరిటతోనో అట్లకాడతోనో గోడ మీద మూడుసార్లు కొడతారు. అవతలివాళ్ళు మూడుసార్లు కొట్టి జవాబిస్తారు. జవాబు వస్తే మనుషులున్నట్టు. శ్రీకాకుళం వైపు నుంచి గనుల పనికి వచ్చి స్థిరపడినవాళ్ళ పిల్లలకు మాటలకన్నా ముందు ఇది వస్తుంది. నిద్రలో ఉన్నా చెయ్యి లేచి జవాబు కొడుతుంది.

నీటి యుద్ధం ముగిసి పన్నెండేళ్ళయింది. ఉత్తర దళాలు కాలనీని ఆక్రమించుకున్న రోజుల్లో అక్కడి ఆడవాళ్ళ మీద జరిగినదానికి ఇంతవరకూ ఒక్క శిక్షా పడలేదు. ముద్దాయిల వకీళ్ళు ప్రతిసారీ ఒకే మాట చెప్పారు: గోడ పంచుకున్న పొరుగువాళ్ళు ఏమీ వినలేదని ప్రమాణం చేశారు, వినబడలేదంటే జరగలేదు.

డాక్టర్ వకుళ శబ్దపాఠిని ఆ మాటకు జవాబుగానే తయారుచేసింది. కాలనీ ఇళ్ళకు లోపల ఉప్పు గార పూస్తారు. రాత్రి మనుషుల ఊపిరిలోని తేమ దాని మీద చేరుతుంది, తెల్లవారి ఆరుతుంది, ఒక పొర ఉప్పు మిగులుతుంది. ఆ రాత్రి గోడను కదిపిన ప్రతి చప్పుడూ ఆ పొరలోని స్ఫటికాల అమరికలో ఉండిపోతుంది. శబ్దపాఠి ఇనుప పెట్టెలో ఇమిడిన లేజర్ యంత్రం. అది పొర తరువాత పొర చదివి, విన్నది విన్నట్టు చెబుతుంది. కాలనీలో దాన్ని గోడ రీడరు అంటారు.

కోర్టు దాన్ని ఒక షరతుతో ఒప్పుకుంది. గోడను సాక్షిగా తెస్తే ఆక్రమణ రోజులన్నీ చదవాలి, ఏ పొరా వదలకూడదు. అబద్ధపు ఆరోపణలకు తావుండకూడదని ఆ షరతు రాసిచ్చింది వకుళే.

మొదటి కేసు పైడమ్మది. ఆమె నాచు తొట్ల దగ్గర పనిచేస్తుంది. వకుళ యంత్రాన్ని ఆమె ఇంటి ఉమ్మడి గోడకు ఆనించి బిగిస్తుంటే పక్కన నిలబడి చూసింది.

"మల్లీ మొదట్నించి సెప్పాలేటమ్మా?"

"అక్కరలేదు. గోడ చెబుతుంది."

"పన్నెండేళ్ళు నాను సెప్తే నమ్మనేదు. గోడ సెప్తే నమ్ముతారేటి?"

"గోడకి ఎవరి మీదా కక్ష ఉండదని వాళ్ళ ఉద్దేశం."

"మొగుడూ ఉండడు, అత్తా ఉండదు," అంది పైడమ్మ. "దాని బతుకే నయం."

యంత్రం చదవడం మొదలుపెట్టింది. "బూట్లు, నలుగురివి. తలుపు విరిగింది. ఈ వైపు నుంచి గోడ మీద మూడు దెబ్బలు. అవతలి వైపు నుంచి మూడు దెబ్బలు."

"మళ్ళీ చదువు," అంది వకుళ.

"అదే. జవాబు వచ్చింది. ఈ వైపు నుంచి మరో నాలుగు విడతలు కొట్టారు. ప్రతిసారీ జవాబు వచ్చింది. అవతలి తలుపు తెరుచుకున్న చప్పుడు లేదు."

వకుళ యంత్రాన్ని ఆపింది. "ఎవరూ వినలేదని వాంగ్మూలం ఇచ్చారు కదా మీరు."

"ఇచ్చాను. అవతల సూరప్పడు చిన్నాన్న ఉంటాడు, ముగ్గురు పిల్లలు. తలుపు తీస్తే ఆలనీ సంపేద్దురు. తెల్లారి నాకు నీల్లు కాసి పోసింది ఆలావిడే. ఇన్నాడని ఎలా సెప్పను? ఆల గాలే నానూ పీల్చాల గదా."

మర్నాడు వకుళ యంత్రం విప్పుతుంటే సూరప్పడు వచ్చాడు. వీధి సంఘానికి అతనే పెద్ద. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ దెబ్బలు తీసెయ్యండి మేడంగారూ. మిగతాదంతా ఇనిపించుకోండి."

"ఏది తీసినా సాక్ష్యం చెల్లదు."

"ఆ గోడ సగం నాది."

"నేను చదివింది ఈ సగం."

అతను పైడమ్మ వైపు తిరిగాడు. "ఒలే పైడీ, నాను ఇన్నానని వీదంతా తెలిస్తే నాను బతికేదెలాగే?"

"నాను బతికినట్టే, చిన్నాన్నా," అంది పైడమ్మ.

అతను వెనుదిరిగి బయటికి నడిచాడు.

కోర్టులో గోడంతా వినిపించారు. ముద్దాయిగా ఉన్న ఉత్తర దళం కెప్టెన్‌కు యావజ్జీవం పడింది. న్యాయమూర్తి 'జరిగింది' అన్న మాట చదివినప్పుడు పైడమ్మ తల ఊపి, షిఫ్టుకు వేళయిందని లేచి వెళ్ళింది.

ఆ రోజు నుంచి వీధిలో ఎవరూ సూరప్పడితో మాట్లాడలేదు. మాట్లాడనివాళ్ళందరూ ఆ వారంలోనే గార గీకే బ్లేడ్లు తెచ్చుకున్నారు. దుకాణంలో బ్లేడ్లు అయిపోయాయి. న్యాయమూర్తుల క్వార్టర్స్‌లో కూడా మరమ్మతులని గార మార్పించారు. సాక్ష్యం చెరపడం నేరమని నోటీసు అంటించారు. అది అంటించిన గోడ మీద గార కూడా కొత్తదే.

రెండో కేసు వెనక వీధి గంగులమ్మది. విచారణకు వచ్చింది రెండోదైనా, కేసు వేసింది అందరికన్నా ముందు ఆమే. వకుళ పెట్టె మోసుకుని వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. నేల మీద ఉప్పు గార కుప్పగా పడి ఉంది. గోడ ఇటుకలు బయటపడ్డాయి. పై వరసలో, కప్పు దగ్గర మాత్రం ఒక పట్టీ మిగిలింది.

"ఎవరు చేశారిది?" అంది వకుళ. "పక్కింటివాళ్ళా?"

"నానే," అంది గంగులమ్మ. చేతిలో బ్లేడు ఉంది.

"మీకున్న సాక్ష్యం ఇదొక్కటే. ఇది లేకపోతే మీ కేసులో ముద్దాయి, ఆ లెఫ్టినెంటు, ఇంటికి వెళ్ళిపోతాడు."

"ఎల్తాడు."

"మరి ఎందుకు?"

గంగులమ్మ చేతులకంటిన ఉప్పు చీరకు తుడుచుకుంది.

"నా మీదకొచ్చింది రెండో రేత్రి. మొదటి రేత్రి పక్కింటి కన్నమ్మ మీదకి. అది గోడ కొట్టింది. నాను జవాబు కొట్టాను. అది మల్లీ కొట్టింది. నాను మల్లీ కొట్టాను. తలుపు తీయనేదు."

"కన్నమ్మ ఇప్పుడెక్కడుంది?"

"ఆ వారమే పోయింది. దాని కూతుర్ని నానే పెంచాను. పిన్నీ అంటాది. కోర్టుకి నాతో వచ్చి పక్కన కూకుంటానంది." ఆమె బ్లేడు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నా రేత్రి ఒక్కటే ఇనిపిస్తారేటమ్మా?"

"లేదు," అంది వకుళ. "మొత్తం వినిపించాలి."

"అదే సెప్పారు కోర్టోలు."

మిగిలిన పట్టీ కేసి ఇద్దరూ చూశారు. నేర్పుగా చదివితే అందులోంచి కూడా కొంత దొరుకుతుందని వకుళకు తెలుసు. గంగులమ్మ మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాచింది. జానెడు దూరం మిగిలింది.

"ఆ పైది నాకందటం నేదు," అంది.

వకుళ శబ్దపాఠిని గోడ దగ్గరికి జరిపి పెట్టింది. ఇనుప పెట్టె, మనిషి బరువు ఆపుతుంది. చెప్పులు విడిచి దాని మీదకెక్కింది. కిందికి చెయ్యి చాచి బ్లేడు అడిగింది.