నీళ్ళు మోసిన మనిషి

"నది ఒడ్డున ఒకళ్ళు ఎదురుచూస్తుంటారు. పైకి తీసుకురావాలి," అన్నాడు చీఫ్.

వెల్డన్ ఏకర్స్ కంచరగాడిద డెక్కలో ఇరుక్కున్న రాయి తీస్తున్నాడు. తల ఎత్తలేదు. చీఫ్ ఆ ఉదయం టూరిస్టు వేషంలో ఉన్నాడు. పూల చొక్కా, చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీం.

"ఎండ చూశారా సర్?"

"చూశాను."

"ఇది పైన ఎండ. కింద రాయి మీద చెయ్యి ఆనదు. జూలైలో పొద్దెక్కాక ఈ లోయ ఎవడూ ఎక్కడు."

"అందుకే ఎవడూ చూడడు."

చీఫ్ మిగతాది గబగబా చెప్పేశాడు. డాక్టర్ ఓర్మోష్ రాకెట్ల మనిషి. అవతలి దేశం నుంచి పారిపోయి వచ్చాడు. రేపు వాషింగ్టన్‌లో నోరు విప్పుతాడు. ఈ రాత్రికి లోయ అంచు మీది హోటల్లో బస. కాపలాకి ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడు అవతలివాళ్ళ మనిషి.

"ఎవడు?"

"అది తెలిసింది ఒక్కళ్ళకే. ఇలోనాకి."

వెల్డన్ చెయ్యి ఆగింది. "ఆమె ఇంకా బతికే ఉందా?"

"రెండు వైపులా కొలువు చేస్తూ. వాళ్ళు పసిగట్టారు. పడవల జట్టులో స్కూలు టీచర్‌లా కలిసిపోయి నది మీద వస్తోంది."

"ఫోన్లో అడగొచ్చుగా?"

"ఫోన్లు, రేడియోలు వినేది ఆ ముగ్గురే. హెలికాప్టర్ లేచిందంటే ఆ చప్పుడుకే వాడు పని కానిచ్చేస్తాడు. డాక్టర్ని ముందే తప్పిద్దామంటే ఎవడితో పంపను? వాడితోనే పంపితే? నా మొహం ముగ్గురికీ తెలుసు, నేను ఆ చుట్టుపక్కల కనబడకూడదు." చీఫ్ వేళ్ళు నాక్కున్నాడు. "డాక్టర్‌కి సూర్యాస్తమయం చూడాలని ముచ్చట. ఆ జనంలోనే ఆయన పని అయిపోతుంది. ఆలోగా ఆమె వచ్చి వేలెత్తి చూపించాలి."

వెల్డన్ డెక్క కిందికి దించాడు. అతను ఈ అంచు మీదే పుట్టాడు. గూఢచారి కొలువులో చేరకముందు ఇదే దారిలో కంచరగాడిదలు తోలాడు.

"వియన్నాలో ఆమెతో పనిచేశావుగా," అన్నాడు చీఫ్.

"ఒక చలికాలం," అన్నాడు వెల్డన్.

వెల్డన్ దిగి ఎదురుచూస్తున్న ఒడ్డుకి పడవలు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి నీడలు రాళ్ళ కిందికి దూరిపోయాయి. పెద్ద గడ్డిటోపీ, మగవాళ్ళ చొక్కా, ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకున్న ఒకామె ఇసుకలో దిగింది.

"చలికోటు తెచ్చావా?" అన్నాడు వెల్డన్. అది కోడ్.

"తెచ్చా. గుండీలు ఊడిపోయాయి." అదీ కోడే. ఆపైన ఆమె కోడ్‌లో లేని మాట అంది. "నువ్వూ ముసలాడివయ్యావు."

"పద."

ఆమె నవ్వింది. వాగులో చొక్కాలు ముంచుకుని తడివి తొడుక్కున్నారు. సాయంత్రం దాకా నీళ్ళలో కూర్చుని అప్పుడు ఎక్కాలి. అది ఇక్కడి పద్ధతి. ఈ రోజు ఆ పద్ధతి కుదరదు.

వెల్డన్ చేతి గడియారంలో రేడియో ఉంది. మొదటి మలుపు దాటకముందే ఎండకి జిగురు కరిగి దాని మూత ఊడి పడింది.

"మీవాళ్ళు ఇంకా జిగురుతోనే అతికిస్తున్నారా?"

"ఖర్చు తగ్గిస్తున్నారు."

"వాడెవడో నాకు తెలుసు వెల్డన్. ఎలా చేస్తాడో కూడా తెలుసు. ఇప్పుడు మాత్రం చెప్పను."

"ఎందుకని?"

"క్రితంసారి చెప్పేశాను. చెప్పగానే మీవాళ్ళు నన్ను రైలు స్టేషన్లో వదిలేశారు. ఈసారి పైకి చేర్చాక చెప్తా. నా నోట్లో మాట ఉన్నంతసేపే మీకు నేను కావాలి."

"ఆ రోజు నేను లేను."

"ఉంటే?"

వెల్డన్ ముందు నడిచాడు.

దయ్యపు మెలికలని పిలిచే వంకర దారి మొదలయ్యే చోట, లోయకి కాపలా తిరిగే రేంజరు ఒకడు కనిపించాడు. ఇస్త్రీ టోపీ, ఒళ్ళంతా నీటి సీసాలు.

"అయ్యో మేడమ్, ఈ ఎండలోనా! నా పేరు గారిక్. నేనూ పైకే. ఆ సంచీ ఇలా ఇవ్వండి. బరువు నేను మోస్తాను. మీరు తాగండి చాలు."

ఆమె సంచీలో ఉన్నది తిండి. ఉప్పు బిస్కెట్లు, వేరుశనగలు. అతను దాన్ని భుజాన వేసుకుని సీసా చేతికిచ్చాడు.

వెల్డన్ అతని నడుము చూశాడు. పిస్తోలు రేంజర్లందరికీ ఉండేదే. వెనక ఒక సాయం ఉంటే మంచిదే అనుకుని తను ముందుకి వెళ్ళాడు. ప్రతి మలుపులో, ప్రతి బండ మీద తుపాకీ గొట్టం కోసం వెతికాడు. వెనక నుంచి గారిక్ గొంతు వినబడుతూనే ఉంది.

"ఇంకో గుక్క మేడమ్. దాహం వేసేదాకా ఆగకూడదు. ఆ, అలా. ఇంకొంచెం."

మెలికలు దాటారు. చెట్ల తోటలో ఆగారు. గారిక్ పంపు దగ్గర సీసాలన్నీ మళ్ళీ నింపుకొచ్చాడు. వెల్డన్ జేబులోంచి ఎండుమాంసం తీసి ఆమెకి ఇవ్వబోయాడు.

"వద్దు. కడుపులో తిప్పుతోంది."

"ఎండకి అలాగే ఉంటుంది. నీళ్ళు పడితే సర్దుకుంటుంది," అన్నాడు గారిక్.

తోట దాటాక ఆమె రెండుసార్లు కక్కుకుంది. వచ్చింది నీళ్ళే. ఒక మలుపులో ఆగి వెల్డన్ మొహంలోకి చూసి హంగేరీ భాషలో ఏదో అడిగింది. ఆపైన ఈ రైలు ఎప్పుడు కదులుతుందంది.

వెల్డన్‌కి అనుమానం వచ్చింది, ఆమె మీదే. రెండు వైపులా పనిచేసే మనిషి. నటిస్తోందా? సాయంత్రం దాకా కాలం దొర్లించడానికా?

"నాటకాలాడకు ఇలోనా."

ఆమె ఏడవబోతున్న పిల్లలా చూసింది. వేలికున్న ఉంగరాన్ని తిప్పుకోబోయింది. తిరగలేదు. వేలు ఉబ్బి ఉంగరం మాంసంలోకి దిగిపోయింది. వెల్డన్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. అయిదు వేళ్ళూ అలాగే ఉన్నాయి.

దాహంతో పోయేవాళ్ళ చేతులు అలా ఉండవు.

చెమటతో ఒంట్లో ఉప్పు పోతుంది. ఉప్పు పోయిన ఒంట్లోకి వట్టి నీళ్ళు పోస్తుంటే రక్తం పలచబడి మెదడు ఉబ్బుతుంది. ఈ లోయలో పనిచేసేవాళ్ళందరికీ ఇది తెలుసు. అందుకే దారిలో ఎదురైతే రేంజరు ముందు అడిగేది ఒకటే. ఏం తిన్నావ్?

వెల్డన్ తిరిగాడు. "మెలికల దగ్గర్నుంచి మాతోనే ఉన్నావు. మేం ఏం తిన్నామో నువ్వు ఒక్కసారీ అడగలేదు."

గారిక్ నవ్వాడు. మంచి నవ్వు. "నీళ్ళే కదా ఇచ్చాను. ఏ డాక్టరు కోసి చూసినా నీళ్ళే దొరుకుతాయి."

అతని చెయ్యి పిస్తోలు మీదికి వెళ్ళింది. అదే క్షణాన పై మలుపులోంచి గంటలు, డెక్కల చప్పుడు, ఒక అరుపు కలిసి వచ్చాయి.

"ఓయ్! గోడకి! గోడకి ఆనుకోండహే!"

బరువులు మోస్తున్న కంచరగాడిదల వరస. వెల్డన్ ఆలోచించలేదు. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు అది. ఇలోనాని నడుము పట్టి లోపలి గోడకి నొక్కేశాడు. గారిక్‌కి ఆ అలవాటు లేదు. దారి ఇద్దామని బయటి అంచుకి జరిగాడు, పిస్తోలు సగం బయటికి తీసి. ముందున్న జంతువు గోడవైపు మనుషుల్ని చూసి బయటి వైపుకి వొరిగింది. దాని పక్కనున్న పెట్టె అతని ఛాతీకి తగిలింది. గట్టిగా కూడా కాదు.

టోపీ ఒక్కటే దారిలో మిగిలింది.

"ఓరి దేవుడా! గోడకి అని అరుస్తూనే ఉన్నానురా!" గాడిదలు తోలుకొస్తున్న డెల్మర్ దిగి పరుగున వచ్చాడు. వెల్డన్ పాత స్నేహితుడు. "రేంజరయ్యుండి వీడికి ఆమాత్రం తెలీదా?"

"రేంజరు కాదు."

డెల్మర్ ఇలోనా మొహం, చేతులు చూశాడు. ఇద్దరూ కలిసి ఆమెని బండ నీడకి మోశారు. డెల్మర్ ఉప్పు బిస్కెట్ నలిపి నాలుక మీద పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది.

"ఈ ఇరుకులో వరస వెనక్కి తిరగదు. ఈవిడ జీను మీద కూర్చునే స్థితిలో లేదు. నా దగ్గర రేడియో ఉంది. హెలికాప్టర్ పిలుస్తా," అన్నాడు.

"ఆగు," అంది ఇలోనా.

కళ్ళు తేటగా ఉన్నాయి. వియన్నాలో ఉన్నంత తేటగా.

"పిలిస్తే వాడు వింటాడు. ఓర్మోష్ పోతాడు." ఊపిరి కూడదీసుకుంది. "ఓర్మోష్ మా వీధివాడు వెల్డన్. నాకు సైకిల్ నేర్పాడు. వాణ్ణి పోనివ్వకు. తుపాకీ ఉండదు. కెమెరా ఉన్నవాడు. అంచు మీద నిలబెట్టి ఫొటో తీస్తాడు. వెనక్కి జరగమంటాడు. ఇంకొంచెం వెనక్కి అంటాడు."

వెల్డన్ తలెత్తి పైన అంచు వైపు చూశాడు.

"చెప్పేశాను," అంది. "ఇంక నన్ను వదిలేసి వెళ్ళొచ్చు."

"తిరిగొస్తా."

"అందరూ అంటారు." నవ్వబోయింది. పెదాల మీద లిప్‌స్టిక్ పగుళ్ళుబారి ఉంది. "వెళ్ళరా ముసలాడా."

వెల్డన్ డెల్మర్ వైపు తిరిగాడు. అప్పుడు తను అన్న మాట తర్వాత చాలా ఏళ్ళు అతని చెవిలోనే ఉండిపోయింది.

"నేను పైనుంచి మాట్లాడేదాకా రేడియో ముట్టుకోకు."

"ఒరే వెల్డన్, అప్పటిదాకా ఈవిడ..."

"తెలుసు."

ఎక్కాడు. ఈ లోయ దిగేటప్పుడు మనిషిని మోస్తుంది. ఎక్కేటప్పుడు మనిషే లోయని మోయాలి. రాయి కాలుతోంది, గాలి కాలుతోంది. చొక్కా ఎండి అట్ట కట్టింది. ఎండుమాంసం నమిలాడు, గుక్కెడు తాగాడు, మళ్ళీ నమిలాడు. బతకడానికి చేయాల్సినవన్నీ వరసగా చేశాడు. చేస్తున్నందుకు సిగ్గుపడ్డాడు. ఒక్కసారి మాత్రం వెనక్కి చూశాడు. బండ నీడ కనిపించింది. మనుషులు కనిపించలేదు.

అంచు మీద జనం. పిల్లలు, ఐస్‌క్రీములు, అందరి చేతుల్లోనూ కెమెరాలే. ఎర్రటి సూర్యుడు అవతలి గోడ మీద కూర్చున్నాడు.

చివరి బండ మీద బక్కపలచని పెద్దాయన నిలబడి నవ్వుతున్నాడు. ముగ్గురు కాపలావాళ్ళలో ఇద్దరు జనాన్ని ఆపుతున్నారు. మూడోవాడు ఒక కన్ను మూసి కెమెరాలోంచి చూస్తున్నాడు.

"డాక్టర్ గారూ, ఇంకొక్క అడుగు వెనక్కి. సూర్యుడు మీ భుజం మీద కూర్చోవాలి."

వెల్డన్‌కి అరవడానికి గొంతు లేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు. పెద్దాయన మడమ గాల్లోకి వెళ్ళింది. వెల్డన్ ఆయన కోటు రెండు చేతులతో దొరకబుచ్చుకుని ఇవతలికి లాగాడు. ఇద్దరూ రాతి మీద పడ్డారు. కెమెరా వాడు పరుగు తీశాడు గానీ మిగతా ఇద్దరూ పట్టేశారు. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆట అనుకున్నారు.

వెల్డన్ ఒక కాపలావాడి రేడియో లాక్కున్నాడు. "డెల్మర్. హెలికాప్టర్ పిలువు."

కాసేపు గరగర మాత్రమే వినిపించింది.

"అక్కర్లేదురా."

వెల్డన్ రేడియోని చెవికి నొక్కుకున్నాడు.

"ఇందాకే పోయింది. చెయ్యి పట్టుకునే ఉన్నా. చివర్లో నన్ను చూసి నువ్వనుకుంది. తిరిగొచ్చావా అంది." డెల్మర్ ముక్కు చీదుకున్నాడు. "వచ్చాననేశా. తప్పు చేశానా?"

"లేదు," అన్నాడు వెల్డన్. "మంచిపని చేశావు."

చీకటి లోయ అడుగు నుంచి పైకి వచ్చింది. హోటల్ వాళ్ళు ఐసు వేసిన నీళ్ళ కూజా తెచ్చారు. డాక్టర్ ఓర్మోష్ బల్లకి అవతల కూర్చున్నాడు. ఎవరి మాట వల్ల తను బతికాడో, అందుకు ఎవరు పోయారో ఆయనకి ఇంకా చెప్పలేదు. ముందు వెల్డన్‌కే ఒక గ్లాసు నింపి జరిపాడు.

"మీరు ఎండలోంచి వచ్చినట్టున్నారు. తాగండి నాయనా. ఎడారిలో ఇంతకు మించిన మందు లేదు."

వెల్డన్ గ్లాసుని మెల్లిగా ఆయన వైపే జరిపాడు.

"మీరు తాగండి సర్," అన్నాడు. "పైన ఉన్నవాళ్ళకి నీళ్ళు మంచివే."