గడ్డి సంచుల గది

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఉడికించిన గడ్డిని పట్టా మీద ఆరబోసి ఆమె చేతులు కడుక్కుంది. భర్త పోయి ఇరవై రోజులైంది. నాలుగో రోజే పనిలో దిగింది. గుండె రాయి చేసుకుందన్నారు చూసినవాళ్ళు. ఆమెకైతే గుండె అసలు ఉందో లేదో కూడా తెలియడం లేదు. పొద్దున వేడి గంగాళం తగిలి వేలు కాలితే, ఎవరి వేలో అన్నట్టు కాసేపు చూసి పక్కకి తీసుకుంది.

వాళ్ళది పుట్టగొడుగుల పెంపకం. పొలాల్లో తగలబెట్టేసే గడ్డి, హోటళ్ళు పారబోసే కాఫీ పిప్పి తెచ్చి, ఉడికించి, విత్తనం కలిపి, ప్లాస్టిక్ సంచుల్లో కూరి, కిటికీల్లేని గదిలో వేలాడదీస్తారు. తెల్లటి బూజు సంచంతా అల్లుకునేదాకా వాటికి చీకటే కావాలి. ఆ గదిలోనే, సంచుల మూతులు కడుతూ కడుతూ ఆయన కుప్పకూలిపోయాడు.

"ఆ గది జోలికి వెళ్ళకే," అంది వదిన. ఆయనకి అక్క, పెళ్ళి మాటెత్తకుండా తమ్ముడి పంచనే ఉండిపోయిన మనిషి. "తాళం పెట్టేద్దాం. సంచులు పోతే పోయాయి."

"పచ్చబూజు పట్టిందేమో చూడాలి వదినా. ఒక్కదానికి పడితే అన్నిటికీ అంటుకుంటుంది."

టార్చి పట్టుకుని వెళ్ళింది.

లోపల పులిసిన గడ్డి వాసన, తడి గోడల వాసన. సంచులు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. బూజు అల్లుకునేటప్పుడు వేడెక్కడం మామూలే. కానీ నాలుగో వరుసలో ఒకటి... జ్వరం వచ్చిన మనిషి నుదురులా కాలిపోతోంది.

కిర్రు... కిర్రు...

గది చివర ఎవరో సంచి మూతికి దారం బిగిస్తున్నారు. టార్చి అటు తిప్పబోయింది.

"ఆర్పు..."

ఆయన గొంతే.

"వెలుగు పడకూడదని ఎన్నిసార్లు చెప్పాలే?"

భయం వేయాలి. వేయలేదు. ఆర్పేసింది.

"తలుపు..."

వెళ్ళి గడియ పెట్టింది. "వేశానండీ."

చీకటి. ఊపిరి... తనది కాదు. సంచులు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. వాటి మధ్యలోంచి ఎవరో నడిచి వస్తున్నట్టు...

"ఇక్కడ చలేస్తోందే..." చెవి పక్కనే. "కాసేపు ఉండు."

ఉండిపోయింది. ఎంతసేపో తెలియదు.

తలుపు దబదబా బాదుతుంటే కాళ్ళు వాటంతటవే కదిలాయి. గడియ తీసి బయటికొచ్చింది. అలవాటు ప్రకారం తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "గంట నుంచి పిలుస్తున్నానే! ఏమైపోయావ్?"

"ఏం లేదు వదినా. సంచులు బాగానే ఉన్నాయి."

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నదల్లా, మంచుముక్క తగిలినట్టు చటుక్కున వదిలేసింది.

అప్పుడు గదిలోంచి ఏడుపు వినిపించింది. వెక్కి వెక్కి... ఆగి ఆగి... ఆయన పోయిన రోజు నుంచీ ఆమెకి ఒక్కసారైనా రాని ఏడుపు. గొంతు మాత్రం ఆమెదే.

"వదినా... తలుపు తియ్యి వదినా... నేను లోపలే ఉన్నాను..."

వదిన గొళ్ళెం మీద చెయ్యి వేసింది. చూపు మాత్రం తలుపు మీద లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి మీద ఉంది.