మూడుకీ నాలుక్కీ మధ్య గంట

మంగళవారం సాయంత్రం 4:02. గల్ఫ్‌లో, కల్బా ఊళ్లోని ఓ ఇండియన్ స్కూలు ఈతకొలను.

నీళ్ల అడుగున ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు.

మొదట చూసింది షహర్బాను. కర్నూలు మనిషి, బల్దియా, అంటే అక్కడి మున్సిపాలిటీ, తరఫున సాయంత్రం షిఫ్టు సూపర్‌వైజర్. చనిపోయినవాడు స్కూలు క్లీనర్ హన్మాండ్లు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి పదకొండేళ్లయింది.

కొలను ఒక్కటే, వాడుకునేవాళ్లు ఇద్దరు. మూడింటిదాకా స్కూలు పిల్లలు. నాలుగు నుంచి రాత్రి పదిదాకా బల్దియా పంపే ఊరి జనం. ఎవరి కరెంటు మీటరు వాళ్లది. మధ్య గంట ఖర్చు మాత్రం ఎవరూ నెత్తిన వేసుకోలేదు. అందుకే ఆ గంటలో లైఫ్‌గార్డు ఉండడు, కెమెరా పనిచేయదు, పంపు తిరగకూడదు.

స్కూలు ఫెసిలిటీస్ మేనేజర్ రామ్మోహనరావు రిపోర్టు రెండే వాక్యాలు. ఎవరూ లేని వేళ చూసి హన్మాండ్లు సరదాగా ఈతకు దిగాడు. మునిగిపోయాడు.

పోలీసులు వెంటనే పంపుగదికి సీలు వేశారు. కొలను మూతపడింది.

సోమవారం ఉదయం పదకొండింటికి ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ వైదేహి వచ్చింది. సాయంత్రానికల్లా ఫైలు మూసేయమని ఆఫీసు చెప్పి పంపింది. అనుమతి లేకుండా దిగాడని రాస్తే చాలు, హన్మాండ్లు భార్య గౌరవ్వకు దమ్మిడీ ఇవ్వక్కర్లేదు. అలా తేలిగ్గా మూసే ఫైళ్లంటే వైదేహికి మొదటినుంచీ ఒళ్లుమంట.

హన్మాండ్లు ఊరికి ఫోన్ చేసింది.

"బాయిల దుంకి ఈత నేర్సినోడు బిడ్డా," అంది గౌరవ్వ. "పైసలు ఇయ్యకున్నా మాయె. పని ఎగ్గొట్టి ఈతకొట్టిండని మాత్రం రాయకుర్రి."

పోస్ట్‌మార్టం రిపోర్టులో ఒక చిన్న లైను ఉంది. కుడి మోచేతి పైన చుట్టూ కమిలిన మచ్చ, గాజు తొడిగినట్టు. నిచ్చెనకు తగిలి ఉంటుందని పోలీసులు వదిలేశారు.

వైదేహి కొలను చుట్టూ తిరిగింది. లోతు వైపు గోడకు, అడుగు దగ్గర, పంపు నీళ్లు లాగే రంధ్రం నోరు తెరుచుకుని కనిపించింది. దానికుండే జాలీ విరిగి మూడు నెలలట. కొత్తది కొనాల్సింది మీరంటే మీరని స్కూలూ బల్దియా ఉత్తరాలు రాసుకుంటున్నాయి.

రామ్మోహనరావు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. అతని ఆఫీసు పంపుగదిని ఆనుకునే ఉంది.

"మంగళవారం మూడింటికి ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"హన్మాండ్లుకు పనేమైనా చెప్పారా?"

"ఆ గంటలో పనేంటండీ? మూడయితే మాకు ఖలాస్."

"పంపు తిరుగుతోందా?"

"మా మీటరు చూసుకోండి. ఒక్క యూనిట్ కదిలితే ఒట్టు."

నిజమే, కదల్లేదు. పోలీసులూ ఆ మీటరే చూశారు. రెండోది చూడాలని ఎవరికీ తోచలేదు.

షహర్బాను రోజూ లోపలికి వచ్చేముందు నాలుగింటికి, వెళ్లేటప్పుడు పదింటికి గేటు గోడమీది బల్దియా మీటరును ఫోన్‌లో ఫోటో తీస్తుంది. వైదేహి ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టింది. తర్వాత గేటు దగ్గరికి వెళ్లి మీటరు చూసింది. అక్కణ్నుంచే పోలీసులకు ఫోన్ చేసింది.

మధ్యాహ్నం 2:55. కొలను ఒడ్డున నలుగురు నిలబడ్డారు. రామ్మోహనరావు, షహర్బాను, పోలీసు లెఫ్టినెంట్, వైదేహి. పొడవాటి కర్రకు తుడుపు గుడ్డ కట్టి, వైదేహి ఆ రంధ్రం ముందు వేలాడదీసింది.

"రాత్రి పదింటి ఫోటోకీ, మర్నాడు నాలుగింటి ఫోటోకీ మధ్య బల్దియా మీటరు కదలకూడదు," అంది. "నెలలుగా రోజూ ఏడు యూనిట్లు కదులుతోంది. మంగళవారం తర్వాత ఈ కొలనులో ఎవరూ దిగలేదు, ఏ స్విచ్చీ వేయలేదు. ఈ అయిదు రోజుల్లో ముప్పై అయిదు."

నీళ్లు అద్దంలా ఉన్నాయి.

3:10.

సీలు వేసిన గదిలో ఏదో మూలిగింది. గుడ్డ ఒక్క ఊపున రంధ్రంలోకి పోయింది. కర్ర వైదేహి చేతుల్లోంచి జారబోయింది. లెఫ్టినెంట్ కూడా పట్టుకున్నాడు. ఇద్దరూ లాగినా గుడ్డ రాలేదు.

రామ్మోహనరావు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

పంపును రోజూ దానంతటదే తిప్పే టైమర్. స్కూలు వాడిన నీళ్లు బల్దియా కరెంటుతో శుభ్రం కావడానికి అతను పెట్టించిందే. ఖర్చు తగ్గించాడని స్కూల్లో మెచ్చుకున్నారు కూడా. సీలు పడ్డాక తీసేద్దామన్నా దారి లేకపోయింది.

"రంధ్రంలో చెత్త ఇరుక్కుంది," అన్నాడు. "మూడింటికి దిగమన్నాను. పది నిమిషాల్లో తీసేస్తాడనుకున్నానండీ."

"పంపు మోత మీ ఆఫీసులోకి వినిపిస్తుందా?"



"వినిపించింది. బైటికొచ్చేసి ఉంటాడులే అనుకున్నా."

"లేచి చూశారా?"



పంపు ఆపాలని, సీలు విప్పడానికి షహర్బాను గది వైపు ఒక అడుగు వేసింది. లెఫ్టినెంట్ చేత్తో ఆపాడు. దానంతట అది ఆగేదాకా వీడియో తీయాలన్నాడు. అందరూ ఎండలో అలాగే నిలబడ్డారు. షహర్బాను మధ్యలోనే ఏడుపు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

3:58కి మోత ఆగింది. గుడ్డ వదులై అడుగుకు జారింది.

నలభై ఎనిమిది నిమిషాలు. హన్మాండ్లు చెయ్యిని ఆ రంధ్రం పట్టుకున్నదీ అంతసేపే.

వైదేహి ఫోన్ తీసింది. అవతల గౌరవ్వ ఒక్క రింగుకే ఎత్తింది.

"ఈతకు దిగలేదమ్మా," అంది వైదేహి. "డ్యూటీలో ఉన్నాడు. అదే రాస్తున్నాను."



"పిలిస్తె ఇనేంత దూరంల ఎవ్వలన్న ఉండిర్రా బిడ్డా?" అని అడిగింది గౌరవ్వ.

వైదేహి పంపుగది పక్కనున్న ఆఫీసు కిటికీ వైపు చూసింది. ఆ సంగతి కూడా రిపోర్టులో రాయాలనుకుంది. ఫోన్‌లో మాత్రం చెప్పలేకపోయింది.