సగం తోలు కట్టిన గంటలు

తాడు పట్టుకున్న జోరీ ట్రెవాస్కిస్ పైకి లేచిపోయాడు.

పైకి అంటే నిజంగానే పైకి. చర్చి గంటల గదిలో ఆరుగురు గుండ్రంగా నిలబడి తలా ఒక తాడు లాగుతున్నారు. ఐదుగురి కాళ్ళు నేల మీదే ఉన్నాయి. జోరీ బూట్లు మాత్రం పక్కనున్న టామ్సిన్ ముక్కు ఎత్తుకి వెళ్ళి, అక్కడ ఒక క్షణం ఆగి, ఏం చూశాయో ఏమో, మళ్ళీ కిందికొచ్చాయి. జోరీ పిర్రలు చాప మీద దబ్బున ఆనాయి. పై అంతస్తులో కర్ర ఫెళ్ళున విరిగిన చప్పుడు ఇంకా రాతిగోడల మధ్య తిరుగుతూనే ఉంది.

"ఆపండి," అంది కెప్టెనమ్మ. మిగతా గంటలు ఒకదాని వెనక ఒకటి నోళ్ళు మూసుకున్నాయి.

కెప్టెనమ్మ అసలు పేరు థర్జా నాన్స్. పోస్టు సంచీ మోసి రిటైరైన మనిషి. మా పెన్‌గెల్లా గంటల జట్టుకి పెద్ద, రెండో గంట ఆమెది.

"తాడు చెయ్యి దాటి పోతుంటే వదిలెయ్యమని నీకు మీసాలు రాకముందే నేర్పాను కదరా. వదల్లేదేం?"

"మర్చిపోయాను కెప్టెనమ్మా."

"ఆపుకర్ర విరిగింది. శనివారం లోపల కొత్తది చెక్కి బిగించు."

లాగిన గంట తలకిందులై నిలబడినప్పుడు అటువైపు దొర్లిపోకుండా పట్టుకునేది ఆ కర్రే. యాష్ అనే చెట్టుది. అతిగా లాగితే విరుగుతుంది. ఎవరు విరిస్తే వాళ్ళే కొత్తది చెక్కాలి. విరిగిన ముక్క మీద వాళ్ళ పేరు రాసి గది గోడకి తగిలిస్తారు. మా ఊరి తాతల్లో చాలామందికి పేరంటూ మిగిలింది ఆ గోడ మీదే.

జోరీ మర్చిపోవడానికి కారణం ఉంది. అతనిది మూడో గంట, టామ్సిన్‌ది నాలుగో గంట. మూడో తాడు కదలిక చూసుకుని నాలుగోది లాగాలి. అందువల్ల ప్రతి మంగళవారం సాయంత్రం టామ్సిన్ ఇష్టం ఉన్నా లేకపోయినా అతని చేతులవైపు చూడక తప్పదు. యూరప్ ఓటింగు నాటి నుంచి ఆమె అతనివైపు చూసేది అప్పుడే. జోరీకి వారంలో మిగతా రోజులన్నీ ఆ మంగళవారానికి దారి మాత్రమే.

ఈ మంగళవారం ఆమె అతని చేతులు చూస్తూనే, పెదాలు పెద్దగా కదపకుండా అంది. "ఇల్లు అమ్మకానికి పెట్టేశాం. నేనూ అమ్మా రాస్కాఫ్ వెళ్ళిపోతున్నాం."

అంతే. బూట్లు లేచాయి.

టామ్సిన్ తల్లి సొలెన్ సముద్రానికి అవతలి ఒడ్డున, ఫ్రాన్సులో ఉన్న ఆ రాస్కాఫ్ పిల్ల. మా ఊరి కోడలిగా వచ్చింది. భర్త పోయాక కూడా ఇక్కడే ఉండి పీతల వ్యాపారం నడిపింది. పడవల వాళ్ళు తెచ్చిన పీతల్ని కొని, నీళ్ళ తొట్టెల లారీలో బతికుండగానే ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ పంపుతుంది. జోరీ తండ్రి డెంజిల్ ఆ పీతలు పట్టే మనిషి. రెండిళ్ళ మధ్య పళ్ళేలు అటూ ఇటూ తిరిగేవి.

మూడున్నరేళ్ళ కిందట ఓటింగు వచ్చింది. యూరప్ కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని దేశమంతా తన్నుకుంది. డెంజిల్ తన పడవకి 'బయటికి' అని నిలువెత్తు అక్షరాలు రాయించాడు. సొలెన్‌కి ఇక్కడ ఓటే లేదు. 'బయటికి' అన్నవాళ్ళు గెలిచిన రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. డెంజిల్ పీతల బుట్టలు రేవులో దించి మొహం తిప్పుకుంటాడు, సొలెన్ లారీ మొహం తిప్పుకునే వాటిని ఎక్కించుకుంటుంది.

జోరీ కూడా తండ్రితో పాటు 'బయటికి' అనే వేశాడు. దాచకుండా టామ్సిన్‌కి చెప్పాడు. నిజం చెప్పినవాడికి ఏం బహుమతి దొరుకుతుందో ఆ రోజే తెలిసింది.

ఆ మంగళవారం గొడవ అక్కడితో ఆగలేదు. ఆరో గంట, అన్నిటికంటే బరువైంది, డెంజిల్‌ది. అతను తాడు చుట్టి కొక్కేనికి తగిలిస్తూ అన్నాడు.

"ఈ నెలాఖరు శుక్రవారం మనం బయటపడుతున్నాం. మర్నాడు శనివారం పొద్దున గంటలు మోగాలి. పెళ్ళికి మోగించినట్టు."

ఒకటో గంట సొలెన్‌ది. ఆమె కోటు తొడుక్కుంటోంది. కెప్టెనమ్మకే చెబుతున్నట్టు అంది. "ఆ మోత మోగిన రోజు ఇల్లు ఎంతకి పోతే అంతకిచ్చి వెళ్ళిపోతాను. తిరిగి చూడను."

"మోగకపోతే నేనీ తాడు ముట్టను," అన్నాడు డెంజిల్, అతనూ కెప్టెనమ్మతోనే.

"పబ్బుకి వెళ్దామా?" అన్నాడు ఐదో గంట పాస్కో. అతనికి బేకరీ ఉంది. ఎటు ఓటేశాడో పెళ్ళానికి కూడా చెప్పలేదు. రెండు పక్షాలూ రొట్టె తింటాయి కదా.

కెప్టెనమ్మ గోడ మీది పాత చెక్కపలక చూపించింది. తాతల నాటి నియమాలవి. టోపీ పెట్టుకుని గంట లాగరాదు. తిట్టరాదు. కింద, రంగు సగం రాలిన వరస ఒకటుంది. ఎవరైనా తన కోసం గంటలు కావాలంటే, ఆరుగురి గుమ్మాలకీ తనే వెళ్ళి తన నోటితో అడగాలి. ఒక్కరు కాదన్నా మోగవు.

"చదివావా డెంజిల్? ముందు సొలెన్ గుమ్మంతో మొదలుపెట్టు."

"చచ్చినా వెళ్ళను."

"అయితే గంటలూ లేవు, గొడవా లేదు. జట్టు కూడా ఉండదనుకో."

సొలెన్ అప్పటికే మెట్లు దిగిపోయింది. ఆమె వెనకే టామ్సిన్. జోరీకి కూర్చున్న చోట మంటగా ఉంది. లేచి నిలబడితే ఇంకో చోట మంటగా ఉంది.

* * *

ఆ వారమంతా వాన. పడవలు కదల్లేదు. జోరీ మాత్రం ఒక్క చోట కాలు నిలపలేదు. రేవు దాకా వెళ్తాడు, తిరిగొస్తాడు, కర్ర చెక్కుతాడు, సగంలో లేస్తాడు. దారిలో ఎలాగూ సొలెన్ ఇల్లు వస్తుంది, రాకపోతే వచ్చేలా నడుస్తాడు. ఇంటి ముందు పాత తెడ్డు ఒకటి భూమిలో పాతి, దానికి 'అమ్మబడును' అన్న పలక కొట్టారు. టామ్సిన్ తండ్రి పడవ తెడ్డది. దాని ముందుకి రాగానే జోరీ తల దించుకుని నడక పెంచేవాడు.

ఆ వారం చివర, శనివారం పొద్దున కొత్త కర్ర భుజాన వేసుకుని గోపురం ఎక్కాడు. గంటల మధ్య టామ్సిన్ కూర్చుని ఉంది, టార్చి లైటుతో.

"కెప్టెనమ్మ పంపింది. ఒక్కడివే ఎక్కకూడదట," అంది.

"అది పలక మీద లేదే."

"నేను దిగిపోనా అయితే?"

"కూర్చో, కూర్చో. లైటు ఇటు పట్టు."

అతను బోల్టులు విప్పుతున్నాడు. చెక్కసందుల్లోంచి వాన జల్లు లోపలికి కొడుతోంది. ఆమె జుట్టు మీద చుక్కలు నిలిచాయి. లైటు బోల్టు మీద లేదు.

"నా మొహం మీద ఏం బిగించాలి?" అన్నాడు.

"నోరు. ఆ రోజు నోరు బిగించుకుని ఉంటే సరిపోయేది. ఎటు ఓటేశావో అడిగానా నిన్ను?"

"అడగలేదు. అబద్ధం మీద నీతో తిరగడం బాగోలేదనిపించింది."

"ఎందుకు వేశావసలు?"

జోరీ రెంచి కింద పెట్టాడు. "మా నాన్న పడవ అమ్ముకునే స్థితిలో ఉన్నాడు. ఎవరో ఎక్కడో కూర్చుని ఎన్ని చేపలు పట్టాలో చెబుతున్నారని ఆయన కోపం. ఆయన పక్కన నిలబడాలనుకున్నాను. అది మీ అమ్మ గుమ్మం దాకా వస్తుందని తట్టలేదు."

"మా అమ్మకీ అదే బాధ. ఒక్కరికీ తట్టలేదు. ఓటింగు మర్నాడు అమ్మ షాపుకి వెళ్తే, ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేవాళ్ళే 'మీరెప్పుడు వెళ్తున్నారు' అన్నారు."

"ఎవరు?"

"చెప్పను. నువ్వు వెళ్ళి కొట్టొస్తావు."

"నువ్వు వెళ్ళాలనుకుంటున్నావా టామ్సిన్?"

ఆమె టార్చి ఆర్పేసింది, మళ్ళీ వెలిగించింది. "అమ్మని ఒక్కదాన్నే పంపలేను. అది తప్ప ఇంకేం అడగకు."

జోరీ లేచి తిరగబోయాడు. గోపురంలో తిరగడానికి చోటెక్కడిది. మోకాలు ఒక చెక్కపెట్టెకి తగిలి మూత ఊడింది. లోపల తోలుముక్కలు, పట్టీలు. ఊళ్ళో ఎవరైనా పెద్దమనిషి పోయినప్పుడు గంట నాలుకకి ఒక పక్కన మాత్రం కడతారు వాటిని. అప్పుడు ఒక దెబ్బ ఖంగుమంటుంది, తర్వాతి దెబ్బ దూరంగా ఎవరో ఏడ్చినట్టు వినపడుతుంది.

జోరీ తోలుముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ వారంలో అతను కదలకుండా ఉన్నది అప్పుడొక్కసారే.

"ఏంటి?" అంది టామ్సిన్.

"ఒక దెబ్బ మా నాన్నకి. ఒక దెబ్బ మీ అమ్మకి."

ఆమె అతన్ని చూసింది. ఈసారి చేతులవైపు కాదు.

* * *

"సగం సంబరమా?" అన్నాడు డెంజిల్, వల కుడుతూ. "గెలిచినవాడికి సగం సంబరం ఏంట్రా?"

"నువ్వు గెలిచిందీ సగానికి ఓ పిసరే కదా ఎక్కువ నాన్నా."

పక్కనే టీ తాగుతున్న కెప్టెనమ్మ అంది. "ఆ పిసరు కోసం తోలు కాస్త పల్చగా కడతాంలే."

డెంజిల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. తర్వాత వల ముడి ఒకటి బిగిస్తూ అడిగాడు. "నిజంగా వెళ్ళిపోతుందా ఆవిడ?"

"టామ్సిన్ కూడా," అన్నాడు జోరీ.

తండ్రి కొడుకు మొహం చూశాడు. సూది పక్కన పెట్టి, టోపీ తీసి, జుట్టు నిమురుకుని, మళ్ళీ పెట్టుకుని బయల్దేరాడు.

సొలెన్ గుమ్మం దగ్గర పీతల బుట్టలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటి వెనక నక్కి టామ్సిన్, ఆమె వెనక ఆయాసపడుతూ వచ్చి చేరిన జోరీ.

"తోయకు."

"కనపడట్లేదు."

"వినడానికి కళ్ళెందుకు?"

తలుపు తెరుచుకుంది. డెంజిల్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "సొలెన్. వచ్చే శనివారం గంటలు మోగించడానికి రావాలి. తోలు కట్టిస్తాను, ఒక పక్క."

"ఎవరు పోయారని?"

"మీకు పోయింది. మాకు పుట్టింది. రెండూ ఒక్క రోజే వచ్చాయి, ఏం చెయ్యను?"

"నేను పోవాలని ఓటేశావు డెంజిల్."

"నీ మీద ఎవడు వేశాడు? నేను చేపల మీద వేశాను. నువ్వు బయటిదానివన్న సంగతే నాకు గుర్తులేదు."

"అదే నా బాధ. ఓటేసే ముందు ఒక్క క్షణం గుర్తు రావాల్సింది."

వాన చూరు మీంచి డెంజిల్ మెడలోకి కారుతోంది. అతను పక్కకి జరగలేదు. "అవును," అన్నాడు. "రావాల్సింది."

సొలెన్ తలుపు ఇంకాస్త తెరిచింది. "ఓటు మార్చుకుంటావా?"

"లేదు."

"అబద్ధమాడి మార్చుకుంటానని అనుంటే తలుపు వేసేసేదాన్ని. వస్తాను. కానీ నా మూగ దెబ్బ పడ్డప్పుడు నువ్వు వినాలి. చెవులతో."

"వింటాను. అడిగి చాలా రోజులైంది... నీ చేపల పులుసు ఇంకా అలాగే ఉంటుందా?"

"ఫ్రాన్సు పులుసది. నువ్వు బయటికి వచ్చేశావుగా."

తలుపు మూసుకుంది. డెంజిల్ వెనక్కి తిరుగుతూ బుట్టలతో అన్నాడు. "ఇద్దరూ లేచి ఇళ్ళకి పోండి, జలుబు చేస్తుంది."

* * *

గంటలు మోగాల్సిన శనివారం పొద్దున ఊరు గొడుగులతో చర్చి ముందు నిలబడింది. జెండాలు పట్టినవాళ్ళు ఒక పక్క, పట్టనివాళ్ళు ఒక పక్క. వాన ఇద్దరి మీదా.

పైన ఆరు తాళ్ళు కదిలాయి. ఆరు దెబ్బలు ఖంగున. ఆరు దెబ్బలు పొగమంచులోంచి వచ్చినట్టు. మళ్ళీ ఖంగున. కింద ముందు కేక వేద్దామనుకున్నవాళ్ళు రెండో వరస వినగానే నోరు మూసుకున్నారు. ఏడుద్దామనుకున్నవాళ్ళని మొదటి వరస ఏడవనివ్వలేదు. డెంజిల్ బరువైన గంట లాగుతూ, మూగ దెబ్బ పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాడు. సొలెన్ అది చూస్తోంది.

టామ్సిన్ జోరీ చేతులు చూస్తోంది. జోరీకి ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఇవాళ కూడా ఊరుకుంటే వచ్చే మంగళవారం ఆ నాలుగో తాడు ఎవరు పట్టుకుంటారో.

ఖంగుమన్న దెబ్బకి నోరు తెరిచాడు, వినపడదని ఆగాడు. మూగ దెబ్బ పడింది.

"టామ్సిన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

పైన ఫెళ్ళుమంది. టామ్సిన్ బూట్లు జోరీ ముక్కు ఎత్తుకి లేచి, కిందికొచ్చాయి.

"ఆపండి," అంది కెప్టెనమ్మ, ఆమెకేం ఆశ్చర్యంగా లేదు.

చాప మీద కూలబడ్డ టామ్సిన్ మొహం మీద జుట్టు తోసుకుంది. "అడగడానికి నేను నేల మీద నిలబడి ఉండే టైమే దొరకలేదా నీకు?"

"ఇప్పుడు నేల మీదే ఉన్నావుగా."

"ఉన్నాను," అంది. "ఇక్కడే ఉందామనుంది." అని తల్లివైపు చూసింది.

పాస్కో తన తాడుని అనవసరంగా చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"విరిచిన పిల్లే చెక్కాలి కొత్త కర్ర," అన్నాడు డెంజిల్ గోడవైపు చూస్తూ. "పోనీ మావాడు సాయం చేస్తాడు. కాకపోతే మా దొడ్లో ఉన్న ఒక్క యాష్ కర్రా మొన్నే అయిపోయింది."

సొలెన్ తన తాడుని కొక్కేనికి తగిలించింది. కోటు తీసుకుంది, కానీ తొడుక్కోలేదు.

"మా ఇంటి ముందు తెడ్డు పాతి ఉంది," అంది. "మంచి యాష్ కర్ర. పలక ఊడబీకి దాన్ని కోసుకోండి."