చెరిపేసిన గొంతు

పరిచయమైన రోజే నేను ఆమె ల్యాప్‌టాప్‌ను ఎత్తుకెళ్లాను.

మా ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తారు. కంప్యూటర్లు చూసుకోవడం నా పని. సీట్లోంచి లేచేటప్పుడు ల్యాప్‌టాప్‌ను టేబుల్‌కు కట్టి వెళ్లాలని అందరికీ తాళం తీగలు పంచాను. డ్రాయింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ తీగను ఉండచుట్టి సొరుగులో పడేసి టీకి వెళ్లింది. నేను ల్యాప్‌టాప్‌ను నా గదికి తెచ్చేసుకుని, టేబుల్ మీద చీటీ పెట్టాను: ‘దొంగగారు పక్క గదిలో ఉన్నారు.’

ముఖం కందగడ్డ చేసుకుని వచ్చింది.

“మీకు వేరే పనేం లేదా అండీ?”

“ఇదే నా పని.”

“బాగానే చేస్తున్నారు, దొంగతనం.”

ఆ రోజు నుంచి నా పేరు ‘తాళాలాయన’. తాళంచెవి పోయిందంటూ వారానికి రెండుసార్లు నా గదికి వచ్చేది. ఒక సాయంత్రం వానకు ఇద్దరం ఆఫీసు మెట్ల మీద చిక్కుకుపోయాం. హ్యాండ్‌బ్యాగు తెరిచి, పోయాయన్న తాళంచెవులన్నీ తీసి నా దోసిట్లో పోసింది. నేను వాటిని లెక్కపెట్టి జేబులో వేసుకున్నాను. ఏదో ఒకటి అనాల్సింది.

తర్వాతి వారమే కాఫీ షాపులో కప్పు తెచ్చుకోవడానికి ఆమె అలా లేచిందో లేదో, కుర్చీలో ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగు మాయమైంది.

ల్యాప్‌టాప్ పోతే వెంటనే చెరిపేసే ఆదేశం పంపాలన్నది ఆఫీసు రూలు. ఎక్కడున్నా సరే, నెట్‌కు తగలగానే అందులో ఉన్నదంతా పోతుంది.

“రేపటిదాకా ఆగరా?” అంది. “అందులో మా నాన్న గొంతుంది.”

గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయిందట. అంతకు ముందు పది రోజులు కూర్చోబెట్టి ఆయన కబుర్లు, పాటలు రికార్డు చేసుకుందట. ఫోన్ పాడైపోయాక మిగిలింది ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ ఒక్కటే.

“సొంత ఫైళ్లు ఇందులో పెట్టొద్దని చెప్పానుగా,” అన్నాను. ఆ క్షణంలో నా నోటికి వచ్చిన మాట అది. బటన్ నొక్కేశాను.

ఆగినా ఏమీ కాదని నాకు తెలుసు. పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ దాన్ని తెరవలేరు. మనసుపడ్డ పిల్ల కోసం రూలు తప్పాడని నలుగురూ అనుకుంటారేమోనని భయపడ్డాను. అంతే.

మర్నాడు పదకొండింటికి పాత సామాన్ల షాపతను ఫోన్ చేశాడు. అమ్మడానికి తెచ్చినవాడి మీద అనుమానం వచ్చి, అడుగున నేను అతికించిన స్టిక్కర్ మీద నంబరు చూశాడట. పనిచేస్తుందో లేదోనని నెట్‌కు కలిపి చూశానని కూడా చెప్పాడు. అతను కలిపేదాకా ఆ ఆదేశాన్ని రద్దు చేసే వీలుండేది నాకు. చేయలేదు.

చిన్న గీత కూడా పడకుండా తిరిగొచ్చింది. లోపల ఏమీ లేదు.

“థాంక్సండీ,” అని తీసుకెళ్లి తీగతో టేబుల్‌కు కట్టుకుంది. ఆ తర్వాత ఆమె తాళంచెవి ఎప్పుడూ పోలేదు. పోయిన డేటా తీసిస్తామనే షాపులు మూడు తిరిగాను, లాభం లేకపోయింది. రెండు నెలలకు ఆమె ఉద్యోగం మారిపోయింది.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మెడలో చిన్న పలక వేలాడేసుకుని ఆమె నాన్నగారే తలుపు తీశారు, వెనకే ఆమె వచ్చింది. నిలబడే ఇద్దరికీ అంతా చెప్పేశాను: ఆగే వీలుందని, ఆగలేదని, ఎందుకు ఆగలేదో కూడా.

ఆమె తలుపు రెక్క పట్టుకుని నిలబడింది.

“ఇది ఆ రోజే చెప్పుంటే మళ్లీ మీ ముఖం చూసేదాన్ని కాదు. ఇప్పుడేమో వెళ్లిపొమ్మనడానికి నోరు రావట్లేదు.”

ఆయన పలక మీద రాసి నాకు చూపించారు: ‘కూర్చో బాబూ. నేను పాట ఎత్తుకుంటే మా ఆవిడ కిటికీలు మూసేది.’

చదివి ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఇప్పుడు ఆయన నాకు మామగారు. పెళ్లికి సరేనన్నది కూడా పలక మీదే. ఆయన గొంతు ఎలా ఉండేదని మొన్న నా భార్యను అడిగాను. చిన్నప్పుడు నాన్న తనను పిలిచినట్టే పిలిచి చూపించింది. పక్క గదిలోంచి ఆయన వచ్చి, అలా కాదని తల ఊపారు. ఇంకోలా పిలిచింది. మళ్లీ ఊపారు, నవ్వుతూ.

మూడోసారి నోరు తెరిచి, ఆగిపోయింది.

“గుర్తు రావట్లేదు,” అంది.